పండ్ల పాచి - పుక్కిలి మందులు

నోటి శుభ్రమునకు మన భాషలో రెండు మాటలు గలవు. పండ్లు తోముకొందుము, నోరు పుక్కిలింతుము. ఈ రెండు పనులును వేఱువేఱని మన యిండ్లలోని పెద్దవారికి చదువుతో నిమిత్తము లేకుండనే తెలియును. అన్నము తిని లేచిన పిల్లవానిని "నోరు పుక్కిలించి రారా" అందురు గాని తోముకొమ్మనరు. తెల్లవాఱి లేచినవాడు గుక్కెడు నీళ్ళు పుక్కిలించి కాఫీకి వచ్చినచో "పాచినోటితోనే వచ్చినావా?" అని మరల పెరటిలోనికి పంపుదురు.

నేను దంతవైద్యుడను. ఇటీవల నాయొద్దకు వచ్చువారిలో పలువురు ఈ రెండు మాటలకు నడుమనున్న గోడను పడగొట్టుచున్నారు. "డాక్టరుగారూ, మందుల షాపులలో ఎఱ్ఱనివి, పచ్చనివి, నీలపువి పుక్కిలి మందులు సీసాలలో అమ్ముచున్నారు గదా. పూటకొక మూతెడు పోసికొని పుక్కిలించినచో పాచి పోదా? ఇంక బ్రష్షు పట్టుకొని ఈ తోముడు శ్రమ యెందుకు?" అని యడుగుచున్నారు. ఔనని గాని కాదని గాని ఒక్కమాట చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ రెండు సమాధానములును సగము సగమే సత్యములు. కావున పాచి యన నేమో, ఈ మందులు దానిని ఏమి చేయగలవో, ఏమి చేయజాలవో ఈ కొద్ది సేపటిలో విన్నవించెదను.

పాచి యను మాటయే విషయమును సగము చెప్పుచున్నది. కోనేటి మెట్లమీద నీటి యంచున పచ్చగా, కాలు పెట్టిన జాఱునట్లు పట్టునది పాచి. దానిమీద కడవలకొలది నీళ్ళు గ్రుమ్మరించినను పోదు. కొబ్బరిపీచుతోనో, మోటు చీపురుతోనో గట్టిగా రుద్దినగాని మెట్టు బయటపడదు. పంటిమీది పాచియు ఆ జాతిదే. నేటి శాస్త్రజ్ఞులు రెండింటికిని బయోఫిల్మ్ అని ఒకటే పేరు పెట్టినారు. అనగా క్రిములు గట్టి వస్తువును పట్టుకొని, తాము స్రవించిన జిగురులోనే తాము కాపురముండు పొర. మన పూర్వులు సూక్ష్మదర్శిని లేకయే రెండింటికిని ఒకటే పేరు పెట్టిరి. ఈ పోలికను శ్రోతలు మఱవకుందురు గాక. దీనితో ముందు పని గలదు.

చక్కగా తోముకొని లేచిన కొద్ది నిమిషములలోనే లాలాజలములోని మాంసకృత్తులు పంటి నునుపుమీద కంటికి కానరాని పలుచని పొరగా అంటుకొనును. ఇది చెడ్డది కాదు, పంటికి కాపు. కాని ఈ పొరమీదికే మొదట గొలుసువలె కూడి యుండెడి గుండ్రని క్రిములు, స్ట్రెప్టోకాకస్ జాతివి, వచ్చి దిగును. వాని వీపులమీద మఱికొన్ని, వానిమీద మఱికొన్ని ఎక్కును. పంచదార దొరికినచో కొన్ని క్రిములు దానితోనే జిగురు చేసికొనును. కదలింపక వదలినచో పొర దినదినమునకు దళసరి యగును. లోపలికి గాలి చొరదు. గాలి గిట్టని క్రిములు అడుగున ఇల్లు కట్టుకొనును. మనుష్యుల నోళ్ళలో ఇంతవఱకు సుమారు 700 జాతుల క్రిములు కనుగొనబడినవి. ఒక్క మిల్లీగ్రాము పాచిలో ఇంచుమించు 10 కోట్ల క్రిము లుండునని లెక్క. మిల్లీగ్రామనగా మూడు గసగసాల ఎత్తు. లాలాజలములోని సున్నపు లవణములు ఈ పాచిలోనికి దిగి రాయివలె గట్టిపడినచో దానిని గార యందుము. గోడకు పూయు గారయు సున్నమే, పంటిమీది గారయు సున్నపు సరుకే. గార కట్టిన పిమ్మట బ్రష్షు గాని మందు గాని పనికిరావు. వైద్యుని పనిముట్టే కావలయును.

ఈ పొర పంటిని తినును, చిగురును తినును. మనము తిన్న తీపిని క్రిములు పులియబెట్టి ఆమ్లము చేయగా, ఆ యామ్లము పంటి సున్నమును కరగించును. దీనిని ప్రయోగపూర్వకముగా నిరూపించినవాడు బెర్లినులో పనిచేసిన అమెరికను దంతవైద్యుడు మిల్లరు. ఆయన గ్రంథము 1890లో వెలువడినది. మనవారు పిప్పిపన్నును చూచి పురుగు తొలిచిన దందురు. అందు పురుగు లేదు, పులుపు గలదు. చిగురు సంగతి ఇంతకంటె మోసకరమైనది. పంటి మొదట నిలిచిన పాచివలన చిగురు ఎఱ్ఱబడును, ఉబ్బును, బ్రష్షు తగిలిన రక్తము చిందును. కాని నొప్పి యుండదు. పంటిపోటు వచ్చినవాడు అర్ధరాత్రియైనను వైద్యుని తలుపు తట్టును. చిగురు వ్యాధి గలవాడు పది యేండ్లైనను రాడు. ఈలోగా లోపల పంటిని పట్టియుంచు ఎముక కొంచెము కొంచెముగా కరగిపోవును. పన్ను కదలుట మొదలైన నాడు వచ్చి "ఇది గట్టిపడునట్లు మందీయుడు" అని యడుగును. పోయిన ఎముకను తిరిగి మొలిపించు పుక్కిలి మందు లోకములో లేదు. ఇందు మధుమేహ మున్నవారి పాట్లు మఱియు నెక్కువ. చక్కెర వ్యాధి చిగుళ్ళను చెఱచును, చెడిన చిగుళ్ళు చక్కెరను అదుపునకు రానీయవు. ఆ వ్యాధి లేని వీధి మన యూళ్ళలో నేడెక్కడ గలదు?

ఇక పుక్కిలి మందుల కథ. దీనిని నేను హాలెండు దేశమున, 17వ శతాబ్దిలో మొదలుపెట్టెదను. డెల్ఫ్ట్ అను పట్టణములో ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ అను బట్టల వర్తకు డుండెను. ఆయన పండితుడు కాడు, లాటిను భాష రాదు. చిన్న చిన్న కటకములను స్వహస్తములతో సానబట్టి, కంటబడిన ప్రతి వస్తువును వానిక్రింద పెట్టి చూచుట ఆయన కలవాటు. 1683వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఆయన లండనులోని రాయల్ సొసైటీకి ఒక లేఖ వ్రాసెను. అందలి విషయము ఆయన పండ్లే. ప్రతి యుదయమును ఉప్పుతో పండ్లు రుద్దుకొని నీటితో కడిగికొనువాడు. భోజన మైనపిదప పుల్లతో సందులు కుట్టుకొని, గుడ్డతో గట్టిగా తుడుచుకొనువాడు. తన యీడువారిలో ఇంత తెల్లని పండ్లు గలవారు కొలదిమందియే యని ఆయనకు కొంత గర్వము గూడ గలదు. అయినను రెండు పండ్ల నడుమ, కలిపిన పిండివలె తెల్లని పదార్థ మేదో మిగిలియుండుట గమనించి, దానిని తీసి వాననీటిలో కలిపి అద్దముక్రింద పెట్టెను. అందు ప్రాణులు! కొన్ని చేపవలె దూసికొనిపోవుచున్నవి, కొన్ని బొంగరమువలె తిరుగుచున్నవి. తన దేశములోని జనులందఱికంటె తన నోటిలో కాపురమున్న ప్రాణులే యెక్కువ యని ఆయన వ్రాసినాడు.

వింత ఇంతటితో ముగియలేదు. ఆ ప్రాణులను చంపవలె నని ఆయనకు తోచినది. ఘాటైన ద్రాక్ష వెనిగారును నోట పోసికొని, పండ్లు బిగించి, సందులగుండ ఇటునటు పాఱునట్లు పలుమాఱులు పుక్కిలించెను. పిమ్మట మంచినీటితో కడిగికొని, మరల పాచి తీసి చూచెను. ప్రాణులు లెక్కకు మిక్కిలిగా ఇంకను తిరుగుచునే యున్నవి. మఱి వెనిగారు వానిని చంపలేదా? దీనిని తేల్చుటకు, తీసిన పాచిని ముందుగా నీటిలో విడగొట్టి కలిపి, అందులో కొంచెము వెనిగారు చేర్చెను. వెంటనే అన్నియు చచ్చినవి! వెనిగారు పైపైనున్న వానినే చంపినది గాని పాచి లోపలికి దిగలేదని ఆయన నిర్ణయించెను.

నా యెఱుకలో పుక్కిలి మందును గూర్చిన తొలి శాస్త్రప్రయోగ మిదియే. 340 సంవత్సరములు గడచినవి, మందులు మాఱినవి, సీసాలు మాఱినవి. అయినను ఆ వర్తకుడు కనుగొన్న సంగతి మాఱలేదు. విడిగా నీటిలో తేలు క్రిమిని చంపుటకు చాలిన మందు, పాచిలో జిగురుకప్పుకొని కూర్చున్న క్రిమిని చంపుటకు చాలదు. కొన్ని సందర్భములలో వందల రెట్లు ఎక్కువ మందు కావలయునని ఈ కాలపు పరిశోధనశాలలు లెక్కగట్టినవి. ఫలానా మందు నూటికి 99 క్రిములను చంపునని సీసామీద వ్రాసినప్పుడు ఆ క్రిములు ఎచ్చటివని యడుగుట మంచిది. గాజు గొట్టములో తేలుచున్నవా, పంటిమీద పాచిలో కూర్చున్నవా?

ఇట్లనుటచే ఈ మందులన్నియు వట్టివని మీరు తలంపరాదు. దీనికి ఎదురు సాక్ష్యమును డెన్మార్కునుండి తెచ్చెదను. ఆర్హుస్ పట్టణమున హారాల్డ్ లోయె అను ఆచార్యుడును ఆయన తోడివారును 1965లో ఒక చిత్రమైన ప్రయోగమును ప్రకటించిరి. చిగుళ్ళు బాగుగానున్న 12 మందిని, ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులనే, పండ్లు తోముకొనుట పూర్తిగా మానుమనిరి. పదియవ దినము మొదలు ఇరువదియొకటవ దినములోపల పండ్రెండుగురికిని చిగుళ్ళు వాచినవి. ఒక్కడైనను తప్పించుకొనలేదు. మరల తోముకొనుట మొదలుపెట్టగా ఇంచుమించు ఒక వారములో చిగుళ్ళు స్వస్థములైనవి. చిగురువాపు వయస్సు వలననో, వేడి చేయుటవలననో, రక్తదోషము వలననో వచ్చునని పలుకువారికి ఇంతకంటె సూటియైన సమాధానము లేదు. రక్తము వచ్చుచున్నదని భయపడి తోముట మానినవారు ఈ పండ్రెండుగురి దారినే నడచుచున్నారు.

అయిదేండ్లకు, 1970లో, ఆ లోయెయే స్కియోట్ అను సహచరునితో గూడి మఱియొక ప్రయోగమును వెల్లడించెను. ఈ పర్యాయము గూడ తోముట లేదు. కాని ముందుగా పండ్లను చక్కగా శుభ్రము చేసి, దినమునకు రెండు మాఱులు, 10 మిల్లీలీటర్ల 0.2 శాతపు క్లోర్‌హెక్సిడిన్ ద్రావణముతో ఒక నిమిషము పుక్కిలింపజేసిరి. పాచి పట్టలేదు! చిగుళ్ళు వాయలేదు! అంతవఱకు పుక్కిలి మందులను పరిమళ ద్రవ్యములుగ మాత్రమే చూచిన వైద్యలోకము అప్పుడు కన్ను తెఱచినది.

ఈ క్లోర్‌హెక్సిడిన్ పుట్టుక వేఱొక కథ. మలేరియా జ్వరమునకు మందు వెదకుచు ఇంగ్లండులోని రసాయనజ్ఞులు చేసిన పరిశోధనల దారిలో ఇది బయటపడినది. 1950 ప్రాంతములో గాయములు కడుగు మందుగా వాడుకలోనికి వచ్చినది. దీని గొప్పతనము చంపుటలో కంటె అంటుకొనుటలో నున్నది. దీని యణువులకు ధనవిద్యుత్తు గలదు. పంటిమీది పొరకు, క్రిమి గోడకు ఋణవిద్యుత్తు గలదు. ఆకర్షణచేత ఇది పంటిని, చిగుళ్ళను, బుగ్గలను పట్టుకొని కూర్చుండును. మీరు మందు నుమిసివేసినను సుమారు మూడవవంతు నోటిలోనే నిలిచి, గంటలకొలది కొంచెము కొంచెముగా విడివడుచుండును. అందువలన కొత్తగా వచ్చు క్రిములకు పంటిమీద దిగుటకు తావు దొరకదు. తక్కిన మందులు ఉమిసిన కొంతసేపటికే లాలాజలములో కలిసి కడుపులోనికి పోవును.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. ఆ ప్రయోగములో పండ్లు మొదటనే శుభ్రము చేయబడినవి. కోనేటి మెట్టును ముందు రుద్ది కడిగి, పిదప పాచి మరల పట్టకుండ మందు చల్లుట వంటి దిది. పాతబడిన దళసరి పాచిమీద ఇదే మందు లేవెన్‌హుక్ వెనిగారువలెనే పైపైన నిలిచిపోవును. చిగురు విడివడి పంటిప్రక్కన గోయి యేర్పడియున్నచో పుక్కిట పట్టిన ఏ ద్రావణమును దాని అడుగునకు దిగదు. వ్యాధి యుండునది సరిగా ఆ యడుగుననే.

రెండవ జాతి మందులు సుగంధ తైలములతో చేసినవి. వీనిలో మొదటిది 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున పుట్టిన లిస్టరిన్. 1865లో గ్లాస్గో నగరమున కార్బాలిక్ ఆమ్లముతో గాయములు కుళ్ళకుండ చేసి శస్త్రచికిత్సను మార్చివేసిన జోసెఫ్ లిస్టరు పేరిట దీనికి ఆ నామకరణము జరిగినది. ఇందలి నాలుగు సరుకులలో ఒకటి థైమాల్. ఈ పరదేశపు పేరు విని కంగారుపడ నక్కఱలేదు. మన వామునుండి తీయు వాముపువ్వే అది. కర్నూలు ప్రాంతమున పండెడి ఆ వామే. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చువఱకు మన దేశపు వాము ఓడలమీద జర్మనీకి పోయి, అచ్చట థైమాల్‌గా మాఱుచుండెడిది. తక్కినవి పుదీనా పువ్వు, నీలగిరి తైలపు సారము, వింటర్‌గ్రీన్ తైలపు సారము. ఇవి కరుగుటకు మొదటినుండి వచ్చు రకములో నూటికి 20 పాళ్ళకు పైగా మద్యసారము కలుపుదురు. అది లేని రకములును ఇప్పుడు దొరకుచున్నవి. బ్రష్షుతోబాటు ఆఱు మాసములు వాడినవారిలో పాచియు చిగురువాపును కొంత తగ్గినట్లు పరీక్షలు గలవు. క్లోర్‌హెక్సిడిన్ అంత బలము లేకున్నను, అంతగా మచ్చలు పడనీయదు.

మందు గుణము కొంత యుండగా, దానికి ప్రకటనలు కట్టిన కిరీటము కొండంత. ఆ మందు జలుబును, గొంతునొప్పిని నివారించునని అమెరికాలో దశాబ్దములపాటు ప్రకటించిరి. 1975లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాట తప్పని, ఆ సంగతి కొత్త ప్రకటనలలో చెప్పవలసినదని ఆజ్ఞాపించెను. 1977లో న్యాయస్థానము ఆ యాజ్ఞను సమర్థించెను. పిమ్మట దారముతో పండ్ల సందులు శుభ్రము చేసికొనుటకు ఇది సమానమని ప్రకటించిరి. 2005లో న్యూయార్కు న్యాయస్థానము అదియు అసత్యమని తీర్పు చెప్పెను. పరీక్షలలో దారము వాడినవారు దానిని సరిగా వాడలేదట. సరిగా వాడని దారముతో సమానమని మాత్రమే రుజువైనదని న్యాయమూర్తి భావము. పుక్కిటి పురాణము అనెడి మాటకు ఇంతకంటె తగిన యుదాహరణము నాకు దొరకలేదు.

ఈ పురాణము విన్నవారిలో ఒకరిని గూర్చి చెప్పెదను. ఉపాధ్యాయ పదవినుండి విరమించిన పెద్దమనిషి యొకరు నాయొద్దకు వచ్చినారు. పండ్లు గోధుమరంగున నున్నవి. "మాస్టరుగారూ, పొగాకు అలవాటున్నదా?" అని యడిగితిని. "రామ రామ! రెండేండ్లనుండి పొద్దున, రాత్రి మందుతోనే పుక్కిలించుచున్నాను. తోమినచో రక్తము వచ్చుచున్నదని బ్రష్షు మానితిని. ఇప్పుడు రక్తము లేదు, నోరు ఘుమఘుమలాడుచున్నది" అని సంతోషముతో చెప్పినారు. నిజమే, నోరు పరిమళించుచున్నది. రక్తము రాకుండుటకు కారణము అచ్చట బ్రష్షు తగులకుండుట. ఆ గోధుమరంగు క్లోర్‌హెక్సిడినును కాఫీయు కలిసి వేసిన మచ్చ. దానిక్రింద క్రింది ముందుపండ్ల వెనుక గార గోడవలె కట్టియున్నది. రెండు పండ్లు వ్రేలితో కదలుచున్నవి. గార తీసి, చిగుళ్ళకు చికిత్స చేసి ఒకదానిని నిలుపగలిగితిమి, రెండవది దక్కలేదు. ఆయన అద్దములో చూచికొని, "అంత మంచి వాసన వచ్చుచున్నదే, లోపల నింత జరుగునా?" అని చాలసేపు ఆశ్చర్యపడినారు. ఆ ప్రశ్నయే నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పినది.

మఱి బ్రష్షుతోబాటు ఈ మందు గూడ వాడినచో ఎంత లాభము? 51 పరిశోధనలను జోడించి చూచిన 2017వ సంవత్సరపు కాక్రేన్ సమీక్ష దీనికి సమాధాన మిచ్చుచున్నది. క్లోర్‌హెక్సిడిన్ పాచిని చాల తగ్గించును. ఇందు సందేహము లేదు. కాని చిగురువాపు స్వల్పముగా నున్నవారిలో కలుగు లాభము చిన్నది, వైద్యదృష్టిలో లెక్కింపదగినంతటిది కాదు. నాలుగు వారములు మించి వాడినచో మచ్చలు పడుట మాత్రము నిశ్చయము. మఱియొక సంగతి నాకు ఇంకను విశేషముగా తోచుచున్నది. ఆసుపత్రులలో ఊపిరి యంత్రముపై నున్న రోగుల నోటిలో క్రిములు దిగి న్యుమోనియా రాకుండ క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు తుడుచుట చాలకాలము ఆచారముగ నుండెను. 2022లో అమెరికాలోని ఆసుపత్రి అంటువ్యాధుల నిపుణ సంఘములు ఆ మందును మాన్పించి, ప్రతిదినము బ్రష్షుతో పండ్లు తోముమని సలహా నిచ్చినవి. స్పృహలేక పడియున్న రోగికి సైతము తోముటయే మేలట!

నోటి క్రిములన్నియు శత్రువులే యని తలంచుటయు పొరపాటు. ఆకుకూరలలోని నైట్రేట్లను నాలుక వెనుకనున్న కొన్ని క్రిములు మార్చి రక్తనాళములను సడలించు పదార్థమునకు దారి చేయును. లండనులో 19 మంది ఆరోగ్యవంతులు వారముదినములు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపగా, వారి రక్తపుపోటు 2 మొదలు 3.5 మిల్లీమీటర్ల వఱకు పెరిగినట్లు 2013లో ప్రకటించిరి. ఇది కొద్దిమందిమీద కొద్దికాలము జరిగిన పరీక్షయే. అయినను ఊరక యుండలేక నెలలతరబడి బలమైన మందు వాడువారికి ఇది ఆలోచింపదగినది.

మన పూర్వాచారములను గూర్చియు అడుగుదురు. ఆయుర్వేదములో నోటినిండ ద్రవము పట్టి కదపక నిలుపుట గండూషము, కదపి పుక్కిలించుట కవలము. ఇవి దంతధావనమునకు తోడుగా చెప్పబడినవి గాని బదులుగా కాదు. వేపపుల్లను నమలి కుంచెవలె చేసి తోముకొనువారు పాచిని చక్కగనే తీయగలరు. వేప చేదు కంటె ఆ కుంచెయు, పది నిమిషముల ఓపికయు చేసిన పని అది. ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక మాత్రము పాచితోబాటు పంటిని గూడ అరగదీయును. నల్లగొండ, ప్రకాశం జిల్లాలవంటి చోట్ల నీటిలోని ఫ్లోరైడువలన పంటిలోనే పుట్టిన గోధుమ మచ్చలను పాచియని భ్రమించి మందులు పుక్కిలించుట వృథా. అవి బయట పట్టినవి కావు. ఆ ప్రాంతములవారు ఫ్లోరైడు చేర్చిన పుక్కిలి మందును వైద్యు నడుగక వాడరాదు.

ఇక ఈ మందు నిజముగా ఉపకరించు సందర్భములు. పన్ను తీయించుకొన్నవారు, చిగుళ్ళకు శస్త్రము చేయించుకొన్నవారు ఆ స్థలమున బ్రష్షు మోపలేరు. దవడ విఱిగి తీగెలతో కట్టించుకొన్నవారు నోరు తెఱువనే లేరు. పక్షవాతముచే చేయి స్వాధీనము లేనివారికి, మంచమున నున్న ముదుసలికి మఱియొకరు తోమవలయును. పూర్తిగా తోమలేనప్పుడు మందు సాయపడును. వీరికి క్లోర్‌హెక్సిడిన్ వరమే. సాధారణముగ ఒకటి రెండు వారములు, వైద్యుడు చెప్పినంత కాలము వాడవలయును. పేస్టులోని నురుగు పదార్థము దీనితో కలిసినచో దీని బలము విఱిగిపోవును. కావున పేస్టుతో తోముకొని నోరు బాగుగ కడిగికొని, అరగంట యాగి, 10 మిల్లీలీటర్లు పోసికొని, నిమిషముపాటు పండ్ల సందులగుండ పాఱునట్లు పుక్కిలించి ఉమియవలయును. పిదప వెంటనే నీళ్ళతో కడుగరాదు. కొంతసేపు కాఫీ, టీ త్రాగకున్న మచ్చలు తగ్గును. పడిన మచ్చలు దంతవైద్యుడు మెఱుగుపెట్టినచో పోవును. నాలుకకు రుచి తెలియకుండుట మందు మానిన కొద్ది దినములకు సర్దుకొనును. ఆఱేండ్లలోపు పిల్లలకు ఏ పుక్కిలి మందును ఈయవలదు, వారు ఉమియుటకు మాఱు మ్రింగుదురు. ఈ మందు తగిలి దద్దుర్లు గాని ఆయాసము గాని వచ్చినవారు తక్షణమే మాని ఆసుపత్రికి పోవలయును. అరుదైనను ప్రాణము మీదికి వచ్చిన సందర్భములు గలవు.

ఏమియు లేని ఆరోగ్యవంతులు భోజనమైనపిదప మంచినీటితో పుక్కిలించిన చాలును. రాత్రి పరుండబోవు ముందు ఫ్లోరైడు పేస్టుతో రెండు నిమిషములు, బ్రష్షు కుచ్చును చిగురంచుమీదికి కొంచెము వంచి, మెల్లగా తోముకొనుడు. కుడిచేతివారు కుడివైపు క్రింది పండ్ల లోపలి ముఖమును తఱచుగా వదలివేయుదురు. రేపు ఉదయము నాలుకతో తడిమి చూచికొనుడు, అచ్చట గరుకుగా తగిలినది పాచియే.